వేసవి బీరు మొదటి గుక్క

"నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు," అన్నాడు బావ, ముందున్న గ్లాసుని నాలుగు వేళ్ళ దూరం అవతలికి జరిపి.

ఆ మాట విన్నారో లేదో, లోడింగు షెడ్డులో ఉన్నవాళ్ళంతా ఎవరికి దొరికిన ఖాళీ పీపా మీద వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. గొప్పలు చేతకావని ఆయన మొదలుపెట్టాడంటే ఇంక గంటసేపు లేచే పనిలేదని అందరికీ తెలుసు.

మరదలు ఒక్కతే కూర్చోలేదు. గోడకి చేరబడి, చేతులు కట్టుకుని, ఆ గ్లాసు వంకే చూస్తోంది. గ్లాసు మీద నురగ వేలెడు మందాన ఉంది. అది దిగిపోయేలోగా ఆయన తాగాలి. తాగి ఒక్క మాట అనాలి: "వదలండి." ఆ మాట వస్తే గేటు దగ్గరున్న లారీ కదులుతుంది, ఈ ఏటి వేసవి బీరు ఊళ్ళోకి పోతుంది. రాకపోతే పోదు. పాతికేళ్ళుగా ఆ బీరు ఫ్యాక్టరీలో అదే పద్ధతి. యజమానులు ఇద్దరు మారారు గాని పద్ధతి మారలేదు, ఆ నాలుకా మారలేదు.

దానికి తోడు ఇంకో నియమం. రుచి చూసేవాడి మాట బయటికి వచ్చేదాకా బీరు కాచిన మేస్త్రీ నోరు విప్పకూడదు. ఇదివరకటి మేస్త్రీకి అదేం కష్టమనిపించలేదు, ఆయన మామూలు రోజుల్లోనే నోరు విప్పేవాడు కాదు. ఈ ఏడు మేస్త్రీ మరదలు. ఆవిడ నోరు మూసుకుని నిలబడటమంటే మరిగే కాగు మీద మూత పెట్టి దాని మీద ఎక్కి కూర్చోవడమే. అయినా నిలబడింది. పదకొండేళ్ళు ఆ కాగుల దగ్గర ఆవిరి మింగితే దక్కిన మొదటి వేసవి బీరు అది.

"అప్పటికి నాకు ఇరవై అయిదు," అన్నాడు బావ. "నాలుకంటే మాట్లాడ్డానికీ, ముద్ద అటూ ఇటూ తిప్పుకోడానికీ అనుకునే వయసు. నది అవతల పెద్ద ఫ్యాక్టరీవాళ్ళు వేసవి బీర్లకి పోటీ పెట్టారు. నేను పోటీకి వెళ్ళలేదు సుమా, పీపాలు దించడానికి వెళ్ళాను. దించి దించి గొంతెండిపోయింది. ఎవరో జాలిపడి ఒక గ్లాసిచ్చారు. ఒక్క గుక్క తాగి, ఊరికే, పక్కవాడితో అన్నట్టు అన్నాను, ఇది బావి నీళ్ళతో కాచింది కాదు, కొళాయి నీళ్ళు అని. అంతే. న్యాయనిర్ణేతలు కుర్చీల్లోంచి ఇటు తిరిగారు. కాచినవాడి మొహం మాడిపోయింది. నిజమేనండీ, బావి మోటారు ఆ ఉదయమే చెడిపోయింది, అన్నాడు."

"ఇది నమ్మొచ్చు మామా," అన్నాడు లారీ డ్రైవరు. "ఇంతవరకూ బాగానే ఉంది."

"ఇంతవరకూ ఏవిట్రా, ఇంకా మొదలుపెడితే కదా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను పీపాల దగ్గర్నుంచి లేవదీసుకెళ్ళి మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. కళ్ళకి గుడ్డ కట్టి రెండో గ్లాసు చేతికిచ్చారు. గుక్కెడు నోట్లో పోసుకుని రెండు దవడల మధ్యా ఒకసారి ఊపాను. ఈ బార్లీ పండిన చేను తూర్పు వాలు, అన్నాను. విత్తనం చల్లిన రోజు మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నారు, అన్నాను. తప్పు మొగుడిదే, అన్నాను."

"తప్పెవరిదో కూడా తెలిసిపోయిందా అన్నయ్యా?" అని అడిగింది పీపాలు కడిగే ఆవిడ. ఆవిడ ఏదైనా నిజంగానే అడుగుతుంది. ఎగతాళి చెయ్యడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

"చేదు ఎడమ దవడకి తగిలితే తప్పు మొగుడిది చెల్లెమ్మా. కుడి దవడకి తగలడం నేను ఇంతవరకూ చూళ్ళేదు. సరే, మనిషిని సైకిలెక్కించి పంపారు, పన్నెండు మైళ్ళు. వెళ్ళి చూస్తే ఏముంది, వాళ్ళు అప్పటికీ మాట్లాడుకోవట్లేదు! చల్లారు, కోశారు, నూర్చారు, అమ్మారు, ఒక్క మాట లేదు. తప్పు నీదేనని నాలుక తేల్చిందయ్యా అని మావాడు చెప్పేసరికి ఆ రైతు లోపలికెళ్ళి పెళ్ళాన్ని క్షమించమన్నాడు. మరుసటేడు వాళ్ళ బార్లీ ఎంత తియ్యగా వచ్చిందంటే చీమలు చేను చుట్టూ దడి కట్టుకున్నాయి."

షెడ్డంతా నవ్వింది. మరదలికీ నవ్వొచ్చింది, కిందిపెదవి కొరుక్కుని ఆపుకుంది. ఈయన కోతలు వింటూనే తను ఈ పనిలో చేరింది. అక్క పెళ్ళయిన కొత్తలో, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, గంజి వాసన చూసి బియ్యం ఏ కొట్లో తెచ్చారో చెప్పిన మనిషి ఈయన. ఆ ఒక్కటీ కోత కాదు. తను వెళ్ళి కనుక్కుంది కూడా. అప్పట్నుంచీ ఆయన చెప్పే అబద్ధాల అడుగున ఒక నిజం ఉంటుందని నమ్మేది. ఎంత ఎత్తుకి ఊదినా ఆ బుడగకి అడుగున ఒక దారం, ఆ దారం పట్టుకుని ఒక ముక్కు.

నాలుగు రోజుల కిందట అక్క వచ్చింది. చెప్పులు విప్పకుండానే, "మీ బావకి ఏదో అయిందే," అంది.

"ఏమైంది?"

"ఏం పెట్టినా బాగుందంటున్నాడు."

మగవాడు ఇంట్లో వంక పెట్టడం మానేశాడంటే చుట్టాలు సంతోషిస్తారు. పెళ్ళాం మాత్రం డాక్టరు ఎక్కడున్నాడా అని వెతుక్కుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా వంక పెట్టకుండా ముద్ద మింగని మనిషి, రెండు నెలల కిందట మంచం పట్టించిన జ్వరం నుంచి లేచాక, కంచంలో ఏముందో చూడకుండానే "బాగుంది" అంటున్నాడట. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరదలు ఆ రాత్రంతా నిద్రపోలేదు.

ఎందుకంటే ఆయన జ్వరంతో మంచం మీదున్న ఇరవై రోజుల్లోనే ఆవిడ వేసవి బీరు కాచింది. ఏటా వేసే నారింజ తొక్క వెయ్యలేదు. ఆ తొక్క ఆలోచన బావది, ఊరంతా దానికి అలవాటుపడింది, యజమాని దాన్నే బొమ్మ వేయించి సీసాల మీద అంటిస్తాడు. కానీ కాగుల గదిలో చెమటలో తడిసి బయటికొచ్చి ఆ బీరు తాగిన ప్రతిసారీ, అంతా బాగుండి చివర్న గొంతులో తొక్క చేదు గీరుకుంటూ దిగడం ఆవిడకి నచ్చేది కాదు. ఎండలో వచ్చినవాడికి గీరుకునేది ఎందుకు? తొక్క తీసేసి నిమ్మగడ్డి వేసింది. యజమానిని అడిగితే, "మీ బావ నాలుక ఒప్పుకుంటే నాకేం," అన్నాడు. బావకి మాత్రం చెప్పలేదు. చెప్తే సగం నాలుకతో, సగం చెవితో తాగుతాడు. ఆ ముక్కే కనిపెట్టాలి. కనిపెట్టి, 'ఎవరే నా తొక్క తీసేసింది' అని ఎగరాలి. తిట్టినా సరే. ఆ తిట్టు కోసం పదకొండేళ్ళు ఆగింది.

అక్క వచ్చి వెళ్ళినప్పట్నుంచీ ఒక్కటే ప్రశ్న. ఆ ముక్కు ఉందా, పోయిందా? పోతే తన బీరుకి ఆయన ఏమన్నా ఒకటే. బాగుందన్నా, పారబొయ్యమన్నా.

నురగ సగానికి దిగింది.

"మూడో గ్లాసులో నారింజ తొక్క," అంటున్నాడు బావ. "నలభై బస్తాల నారింజలు. నేను నోట్లో పోసుకుని, ఇందులో ఒక్క పండు ఉడుత కొరికింది అన్నాను. అందరూ నవ్వారు. ఇప్పుడు మీరు నవ్వుతున్నట్టే నవ్వారు. నేను ఊరుకున్నానా? ఆ ఉడుతది ఎడమచేతి వాటం, అన్నాను."

"ఉడుత వచ్చి సాక్ష్యం చెప్పిందా మామా?"

"పిలిపించారు! బల్ల మీద కూర్చోబెట్టి రెండు గింజలు పెట్టారు. ఏ చేత్తో తీసుకుందో నేను చెప్పను, నా నోటితో నేను చెప్పుకుంటే బాగుండదు. బహుమతి నాకే ఇచ్చారు. పీపాలు దించడానికి వెళ్ళినవాణ్ణి పీపాలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు."

"అన్నయ్యా, ఆ బీరు చల్లగా ఉండేదా?" పీపాలావిడ కొంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది. పొద్దున్నుంచీ ఎండలో నలభై పీపాలు కడిగొచ్చింది, ఆవిడకి ఉడుత కంటే అదే ముఖ్యం.

బావ ఆవిడ వంక చూశాడు. గ్లాసు వంక చూడలేదు. మరదలు అది గమనించింది. ఇందాకట్నుంచీ ఆ గ్లాసు తప్ప షెడ్డులో ఉన్న ప్రతి వస్తువునీ చూశాడు ఆయన.

"చల్లగానా? చల్లదనం గురించి నన్నడుగుతావా చెల్లెమ్మా! ఒక వేసవి వచ్చింది, మీరెవరూ ఇంకా ఇక్కడ చేరలేదు. కాకులు ఎగరలేక నడిచి వెళ్ళేవి. మన నీడలు మనతో బయటికి రామని గుమ్మంలోనే ఆగిపోయేవి, తిరిగొచ్చాక తగిలించుకునేవాళ్ళం. అప్పుడు మన వేసవి బీరు మొదటి పీపా ఇక్కడే, ఈ బల్ల మీదే తెరిచాం. ఒక్క గుక్క తాగాను. ఏమైందో తెలుసా? మీసం గడ్డకట్టింది. ఇలా తడితే టప్పున విరిగి కింద పడింది. పైన ఫ్యాను సిగ్గుపడి దానంతటదే ఆగిపోయింది. రెండో గుక్క తాగాను. వీధి చివర బడిలో పిల్లలకి జలుబు చేసింది. పంతులమ్మ చీటీ పంపింది: అయ్యా, దయచేసి మూడో గుక్క తాగకండి, మాకు దుప్పట్లు లేవు."

"తాగావా మరి?"

"తాగకుండా ఎలా ఉంటాన్రా, నాలుక ఉద్యోగం కదా! మూడో గుక్కకి సూర్యుడు కిందకి వంగాడు. ఒట్టు. వాసన చూద్దామని వంగాడు. ఇదిగో, ఈ షెడ్డు రేకుల మీద గడ్డం ఆనించి, ఏవిటయ్యా అది, నేను ఇన్నాళ్ళుగా కాలుస్తుంటే నాకెవరూ ఇవ్వలేదేం అన్నాడు. ఆ రోజు సాయంత్రం రెండు గంటలు ఆలస్యంగా అయింది. రెండో షిఫ్టువాళ్ళని అడగండి. నేను గ్లాసు పైకెత్తి చూపించాను. ముందు వాసన చూడవయ్యా, తొందరపడకు, బీరంటే ముందు ముక్కుతో తాగాలి, నాలుక దాని తర్వాతే, అని చెప్పాను. సూర్యుడికి చెప్పాను! కళ్ళు మూసుకున్నాడు. అందుకే మబ్బు పట్టింది..."

అక్కడ ఆయన గొంతు కాస్త ఆగింది. ఎవరూ పట్టించుకోలేదు, దమ్ము తీసుకుంటున్నాడనుకున్నారు. మరదలు మాత్రం అది దమ్ము కాదని కనిపెట్టింది. కోతలు కోసేవాడు ఎదుటివాణ్ణి మోసం చెయ్యడానికే కోస్తాడనుకుంటారు జనం. అంత తేలిక కాదది. తన దగ్గర లేనిదాన్ని, ఒకప్పుడు ఉండి ఇప్పుడు పోయినదాన్ని, పదిమంది కళ్ళల్లో ఉన్నట్టు చూసుకోవడానికి కోసేవాడూ ఉంటాడు. సూర్యుడిదాకా వెళ్ళినవాడు పక్కనున్న గ్లాసు దగ్గరికి రాలేకపోతున్నాడు.

"మామా," అన్నాడు డ్రైవరు లేచి నిలబడి, "నీ సూర్యుడు ఇప్పుడు నా లారీ మీద కూర్చున్నాడు. సీటు అంటుకునేలా ఉంది. కథ తర్వాత పూర్తి చేద్దువుగాని, ముందు ఆ గ్లాసు సంగతి చూడు."

"అవునన్నయ్యా, నురగ పోయింది," అంది పీపాలావిడ.

తప్పలేదు. బావ గ్లాసు అందుకున్నాడు.

ఇన్నేళ్ళూ ఆయన బీరు రుచి చూడటం ఇలా ఉండేది: గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చేవాడు, కళ్ళు మూసేవాడు, నాలుగు ఊపిర్లు పీల్చేవాడు. అంత వాగుడుకాయా ఆ నాలుగు ఊపిర్ల సేపు చచ్చినట్టు నోరు మూసుకునేవాడు. షెడ్డులో ఈగ కూడా ఆగేది. ఇవాళ గ్లాసు తిన్నగా పెదవుల దగ్గరికే వెళ్ళింది. గుక్క దిగాకే కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా!" అన్నాడు. "ఏం తొక్క! ఏం నారింజ తొక్క! మేడ మీద మూడు రోజులు ఎండింది, నాలుగో రోజు మబ్బేసింది, అయిదో రోజు తిరగేశారు. ఇంకా చెప్పమంటారా? ఆ తొక్క తిరగేసిన చెయ్యి ఇదిగో, మన చెల్లెమ్మది. ఆ చేతి చలవ ఇందులో నిలువునా తెలుస్తోంది!"

అందరూ పీపాలావిడ వంక తిరిగారు. ఆవిడ తన చేతులు తనే చూసుకుంది. నీళ్ళలో నాని ముడతలుపడ్డ చేతులు.

"నేనా అన్నయ్యా?" అంది. "ఈ ఏడు నేను తొక్కలు ఎండబెట్టలేదే. అసలు నారింజ తొక్కల బస్తాలే రాలేదు. ఎందుకు రాలేదని అడుగుదామనుకుని మర్చిపోయాను కూడా."

డ్రైవరు నవ్వబోయి, బావ మొహం చూసి ఆపేశాడు.

బావ కళ్ళు తెరిచి మరదలి వంక చూశాడు. నియమం ప్రకారం ఆవిడ నోరు విప్పకూడదు. విప్పడానికి ఏముంది గనక? అవునని తల కూడా ఊపలేదు. కళ్ళు మాత్రం పక్కకి తిప్పుకోలేదు. ఆయన నోరు తెరిచాడు. ఇంకో కోత వస్తుందని అందరూ ఎదురుచూశారు, రావాలనే కోరుకున్నారు. తొక్క లేకపోయినా తొక్క రుచి తెలిసిన కథ ఒకటి ఆయన అల్లగలడు, అల్లితే నవ్వేసి బండి తోలుకుపోదామని సిద్ధంగా ఉన్నారు. ఆ నోరు అలాగే మూసుకుంది.

"జ్వరం తగ్గినప్పట్నుంచీ నాకు ఏ వాసనా రావట్లేదు," అన్నాడు. మామూలు గొంతుతో, టైమెంతయిందో చెప్పినట్టు. "సబ్బు తెలీదు. పొగ తెలీదు. పొద్దున్న లేచి ఆవపిండి డబ్బాలో ముక్కు పెట్టి చూస్తున్నాను రోజూ. మంట తెలుస్తుంది గాని ఆవాలు తెలీవు. మీ అక్కకి చెప్పలేదు. ఏం పెట్టినా బాగుందంటున్నాను. ఇన్నేళ్ళుగా ఆ మాట కోసం చూసిన మనిషి, ఇప్పుడు వింటే భయపడుతోంది."

డ్రైవరు మళ్ళీ పీపా మీద కూర్చున్నాడు.

"గ్లాసు ముందు పెట్టుకుని మాట్లాడుతూ ఉంటే," అన్నాడు మళ్ళీ, "ఎక్కడో ఒక మాట దగ్గర అది తిరిగొస్తుందేమో అనుకున్నాను."

"మరి బండి?" అన్నాడు డ్రైవరు, మెల్లగా. అడగాలని లేదు గాని అడక్క తప్పదు. పాతికేళ్ళ పద్ధతి. ఆ మాట లేనిదే గేటు తియ్యరు.

బావ గ్లాసులో మిగిలిన బీరు చూశాడు. "ముక్కు పోయింది. నాలుక సగం ఉంది. ఆ సగంతో చూస్తాను, ఆగు," అన్నాడు.

రెండో గుక్క తీసుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. నోట్లో ఉంచుకుని, నేల చూస్తూ, చాలాసేపు ఊరుకున్నాడు. పెళ్ళికీ చావుకీ కూడా అంతసేపు ఊరుకోని మనిషి.

"పులుపు ముందొస్తుంది. వచ్చి వెంటనే పోతుంది, నిలవదు. మంచిదే. చేదు తక్కువ. గొంతులో గీరుకోవట్లేదు." ఆగాడు. "మునుపు గీరుకునేది. నాకు తెలుసు. నా తొక్క కదా, తెలిసీ అనలేదు."

మరదలు చేతులు విప్పి గోడకి ఆనించింది.

"మిగతాది నాకు లేదు," అని గ్లాసు పీపాలావిడకి అందించాడు. "నువ్వు చెప్పు చెల్లెమ్మా. తాగకు. ముందు వాసన."

ఆ ఫ్యాక్టరీలో ఎన్ని వేల పీపాలు కడిగిందో గాని, లోపల పోసింది ఎలా ఉందని ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. సిగ్గుపడుతూనే ముక్కు దగ్గర పెట్టుకుంది. సిగ్గు పోయింది.

"పచ్చిగడ్డి కోసినట్టుందన్నయ్యా. ఆ గడ్డిలో కూర్చుని ఎవరో నిమ్మకాయ కోసినట్టు."

"మీద పడుతోందా, దూరంగా ఉందా?"

ఆవిడ మళ్ళీ చూసింది. "దూరంగానే. పక్క వీధిలోంచి వచ్చినట్టుంది."

"పక్క వీధా, దాని పక్కదా?"

"పక్కదే."

బావ తల ఊపాడు. "నిమ్మగడ్డి. అయితే కొలత సరిపోయింది. ఇప్పుడు తాగు."

ఆవిడ తాగింది. గుక్కలు లెక్కపెట్టుకోలేదు, రుచి చూడాలన్న సంగతి కూడా మర్చిపోయి, పొద్దున్నుంచీ ఎండలో ఉన్న మనిషి తాగినట్టు గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు చూసుకుని, "అయ్యో," అంది.

"వదలండి," అన్నాడు బావ.

లారీ గేటు దాటింది. దుమ్ము సర్దుకుంది. జనం ఎవరి పనికి వాళ్ళు లేచారు గాని కాళ్ళు కదల్చలేదు, మరదలి వంకే చూస్తున్నారు. నియమం అయిపోయింది. ఇంక ఆవిడ నోరు ఆవిడది. రెండు నెలలు దాచినందుకు ఎంత దులిపేస్తుందో చూద్దామని వాళ్ళ ఆత్రం.

ఆవిడ దులిపేలోగానే ఆయన అన్నాడు, "చివర్న పలచబడుతోందే. నీళ్ళలా జారిపోతోంది. వచ్చే ఏడు చూసుకో."

ఆ సంగతి ఆవిడకి పది రోజులుగా తెలుసు. తెలిసి, తన నాలుకదే తప్పని తనకి తనే చెప్పుకుంటోంది. సగం నాలుకతో పట్టేశాడు.

"చూసుకుంటాను బావా," అంది. అంతే అంది. వినడానికి ఆగినవాళ్ళు ఉసూరుమని వెళ్ళిపోయారు.

ఆవిడ వచ్చి పక్కనున్న పీపా మీద కూర్చుంది. "అక్కకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

"ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు?"



"రెండు నెలల్నించీ కూరల్లో ఉప్పు ఎక్కువేస్తోంది మీ అక్క. అది నాకు బాగానే తెలుస్తోంది. దాంతో మొదలుపెడతాను."